నది దాటిన లైసెన్సు: శ్రీమతి లోర్నా హౌగెన్ గారి సేవా ప్రస్థానం

1992 సెప్టెంబరు మూడవ తేదీన, మా రాష్ట్ర ఆస్తి మదింపుదారుల లైసెన్సు బోర్డు ఏర్పడిన తొలినాళ్ళలో, శ్రీమతి లోర్నా హౌగెన్ గారు సహాయ కార్యదర్శిగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాడు కార్యాలయమంటే రెండు గదులు, ఒక హీటరు. ఆ హీటరు మా గదిలో కాక, దూరప్రాంతాల నుంచి మంచులో కారు నడుపుకొని వచ్చే దరఖాస్తుదారులు కూర్చునే గదిలోనే ఉండాలని ఆమె పట్టుబట్టినందువల్ల, ఆ మరుసటి ఏడాది పరిశీలకుడిగా చేరిన నేను మొదటి చలికాలమంతా కోటు విప్పకుండానే ఉద్యోగం చేశాను.

ఆమె సమర్థత లోకానికి తెలిసింది నార్డాల్ పట్టణాన్ని వరద ముంచిన ఏడాది. వసంతంలో మంచు కరిగి నది పట్టణం మీద పడింది. పాడైపోయిన ఇళ్ళను ప్రభుత్వం కొంటానన్నది, కొత్త ఇళ్ళకు బ్యాంకులు అప్పిస్తామన్నాయి. కాని ప్రతి ఇంటికీ లైసెన్సు గల మదింపుదారు వచ్చి విలువ కట్టనిదే ఏ పనీ ముందుకు కదలదు. ఆ జిల్లా మొత్తానికి అటువంటివారు ఇద్దరే. నది అవతలి ఒడ్డున, పక్క రాష్ట్రంలో, అనుభవజ్ఞులు ఎందరో ఉన్నారు. అయితే వారు ఇక్కడ ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క తాత్కాలిక అనుమతి తెచ్చుకోవాలి, లేదా చదివిన చదువే మళ్ళీ చదివి మా పరీక్ష రాయాలి. వేసవి గడిచింది, చక్కెర దుంపల తవ్వకాలు మొదలయ్యాయి, పిల్లాపాపలతో కుటుంబాలు ఇంకా తాత్కాలిక రేకుల ట్రెయిలర్ ఇళ్ళలోనే ఉన్నాయి.

పక్క రాష్ట్రపు అర్హతలు మన అర్హతలకు దీటుగా ఉన్నప్పుడు, అక్కడ ఏ మచ్చా లేకుండా పనిచేస్తున్నవారికి పరీక్ష లేకుండానే ఇక్కడ లైసెన్సు ఇవ్వాలనీ, మనవారికి వారూ అలాగే ఇవ్వాలనీ లోర్నా గారు పరస్పర గుర్తింపు నిబంధనను రూపొందించారు. దానిపై బహిరంగ విచారణ నార్డాల్ చర్చి కింది హాలులో జరిగింది. ఆ ఇద్దరు స్థానిక మదింపుదారులలో పెద్దవారైన ఆర్విల్ ష్మాల్ట్జ్ గారు లేచి నిలబడ్డారు.

"ఏమ్మా లోర్నా! గోధుమ చేనుకీ గోల్ఫ్ మైదానానికీ తేడా తెలీని బస్తీ బాబుల్ని పిలుచుకొచ్చి మా నెత్తిన కూర్చోబెడతావా? మా నోటి దగ్గర కూడు లాగేద్దామనా?"

హాలంతా నవ్వింది. లోర్నా గారు నవ్వలేదు.

"మీ ఇల్లు ఎలా ఉంది, ఆర్విల్ గారూ?"

"ఎలా ఉంటుందీ? కింది గదుల్లో ఇంకా బురదే. కోడలు పిల్లల్ని తీసుకుని పుట్టింటికెళ్ళిపోయింది."

"దానికి విలువ ఎవరు కడతారు? మీ ఇంటికి మీరే కట్టుకోకూడదు కదా."

ఆయన తన తోటి మదింపుదారు వైపు చూశారు. ఆ తోటివాడు తలొంచుకొని కూర్చున్నాడు, విలువ కట్టవలసిన ఇళ్ళు అతని ముందు అప్పటికే అన్ని వరసలో ఉన్నాయి మరి. "సరే, పిలవండి. కానీ వాళ్ళకి ఊరు చూపించేది నేనే," అని ఆర్విల్ గారు కూర్చున్నారు. ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. నేల గడ్డకట్టేలోగా అవతలి ఒడ్డు మదింపుదారులు వంతెన దాటి వచ్చారు. అప్పటికే విసిగి ఊరు విడిచిన కుటుంబాలను తిరిగి తేలేకపోయాం. ఉన్నవారు మాత్రం నిలిచారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. ఆ నిబంధన కింద వచ్చిన తొలి దరఖాస్తులలో ఒకటి లోర్నా గారి తమ్ముడు కెర్మిట్ లోకెన్ గారిది. ఒక బ్యాంకు ఒత్తిడికి లొంగి ఇళ్ళ విలువలు పెంచి రాసినందుకు, అవతలి రాష్ట్రంలో ఆయన మీద అప్పుడు క్రమశిక్షణ చర్య నడుస్తున్నది. ఆయన స్వయంగా మా కార్యాలయానికి వచ్చారు. మా గదుల మధ్య గోడ పలుచన, వినకూడదనుకున్నా వినబడింది.

"ఏ మచ్చా లేకుండా అన్న మాట రాసింది నువ్వే కదక్కా. నువ్వే కొంచెం చూసీచూడనట్టు పోవచ్చుగా."

"నా తమ్ముడివి కాబట్టి నిర్ణయం నా చేతిలో పెట్టుకోను. బోర్డే చూస్తుంది. నన్నడిగితే మాత్రం వద్దనే చెప్తాను."

"అమ్మకేం చెప్పమంటావు?"

"అక్క వద్దందని చెప్పు."

తలుపు గట్టిగా పడింది. కొంతసేపటికి లోర్నా గారు నా గది గుమ్మంలోకి వచ్చి, "డెల్బర్ట్, కాసేపు ఫోన్లు నువ్వు తీస్తావా?" అన్నారు. తన పని మరొకరికి అప్పగించడం ఆమె సర్వీసులో నేనెరిగినంతలో అదొక్కసారే. బోర్డు దరఖాస్తును తిరస్కరించింది. ఆ ఏడాది, ఆ మరుసటి ఏడాది కూడా, క్రిస్మస్ నాడు వారి అమ్మగారి భోజనాల బల్ల దగ్గర తమ్ముడి కుర్చీ ఖాళీగానే ఉంది.

కెర్మిట్ గారు అక్కడి బోర్డు విధించిన శిక్షణ పూర్తిచేసి, తన రాష్ట్రంలో మచ్చ తొలగించుకొని, మళ్ళీ దరఖాస్తు చేశారు. బోర్డు ఆమోదించింది. తపాలాలో వెళ్ళవలసిన ఆ లైసెన్సును లోర్నా గారు సెలవు పెట్టి, తానే కారులో వంతెన దాటించి ఇచ్చివచ్చారు. అక్కడ ఇద్దరూ ఏమనుకున్నారో ఆమె చెప్పలేదు, మేము అడగలేదు.

2004లో ఆమె కార్యనిర్వాహక సంచాలకులయ్యారు. సరిహద్దు రాష్ట్రాలన్నిటితో ఒప్పందాలు కుదిర్చారు. కొన్నేళ్ళకు దేశమంతటా ఇటువంటి గుర్తింపు ఉండాలని కేంద్ర చట్టం కోరినప్పుడు, మా బోర్డు కొత్తగా దిద్దుకోవలసినది దాదాపు లేకపోయింది.

ఆమె పదవీ విరమణ సందర్భంగా ఈ వ్యాసం రాయడానికి ముందు, తన ప్రస్తావన వదిలేయమంటారేమోనని కెర్మిట్ గారికే ఫోను చేసి అడిగాను.

"రాయండి డెల్బర్ట్ గారూ. ఆ రోజు మా అక్క సరేనని ఉంటే, ఈ పాటికి నేను మళ్ళీ అదే తప్పు చేసి ఉండేవాణ్ణి. ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు. మీరే రాసేయండి, చదువుకుంటుంది."

రాశాను, లోర్నా గారూ. మీరూ, మీ భర్త మిల్టన్ గారూ సరస్సు ఒడ్డున కొన్న ఆ చిన్న ఇంట్లో ఆయురారోగ్యాలతో, కంటినిండా నిద్రతో, నిండు నూరేళ్ళూ చల్లగా ఉండాలని మా అందరి ఆకాంక్ష. మీరు వెచ్చగా ఉండటానికి ఇకనైనా హీటరు మీ గదిలోనే పెట్టుకోండి అని చెప్పాలని ఉంది గాని, మీరు వినరని తెలుసు. కాబట్టి మీ ఇంటికి అతిథులు ఎన్నడూ కరువు కాకూడదని, వారిలో మీ తమ్ముడు ముందుండాలని మనసారా కోరుకుంటున్నాము.

— డెల్బర్ట్ రూడ్, సీనియర్ పరిశీలకుడు