బుల్లెట్ రైలును నడిచి దాటిన ఇంద్రసేన

ఇంద్రసేన గారికి అరవై రెండేళ్లు. కరెంటాఫీసులో రిటైరయ్యారు గానీ నోరు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. అరవై దాటినవాళ్ల నడక పందెంలో రాష్ట్రంలో మొదటొచ్చి, రెండు నెలల్లో జపాన్‌లో జరిగే పోటీకి ఎంపికయ్యారు. ఇంతవరకు నిజం. అశోక్ నగర్ అంతా పేపర్లో చూసింది. మిగతాది ఆ సాయంత్రం చిక్కడపల్లి సందులో, కనకయ్య చాయ్ బండి దగ్గర, రోజూ అక్కడ చేరే మా ముందే పుట్టింది.

"భాష రాదు, తిండి పడదు. భయం అయితలేదా సార్?" అని అడిగింది రోజా. కానిస్టేబుల్ పరీక్షకు చదువుతూ పక్క హాస్టల్లో ఉంటుంది.

"భయమా? నాకా? రెండేళ్ల కిందనే ఒకసారి జపాన్ పోయొచ్చిన బిడ్డా. ఎవ్వరికి చెప్పలే, గంతే. నాకు గొప్పలు చెప్పుకునుడు అలవాటు లేదు కద."

"గది మాకు ఎర్కే," అన్నాడు కనకయ్య పాలు తిప్పుతూ. "మరి ఇప్పుడేమో పోవాలంటే ఇంకేదో కాయితం రావాలె అంటిరి?"

"వస్తది తియ్యి. చిన్న కాయితం."

బల్ల చివర ఒడిలో హెల్మెట్ పెట్టుకుని చాయ్ తాగుతున్న ఒకాయన కొంచెం దగ్గరికి జరిగాడు. కొత్త చెవులు దొరికేసరికి ఇంద్రసేన గారి గొంతు ఇంకాస్త లేచింది.

"దిగంగనే ఏమైందో తెలుసా? అక్కడ నమస్తే లేదు, సలాం లేదు, నడుము వంచుతరు. పందెం మొదలువెట్టే పెద్దమనిషి నా ముందర వంగిండు. మనం తక్కువ తిన్నమా? నేను ఇంకింత వంగిన. ఆయన ఇంకింత. మర్యాదల హైదరాబాదోడు ఓడిపోతే ఎట్ల? నేను ఇంకింత. ఇద్దరి తలకాయలు మోకాళ్లకు తాకినయి. పందెం ముప్పావు గంట లేటు. ఆఖరికి ఆయన నడుము పట్టేసింది, తుపాకి నా చేతికిచ్చి నువ్వే పేల్చు నాయనా అన్నడు."

"పందెంల ఉన్నోని చేతనే పేల్పించిన్రా?" అన్నాడు కనకయ్య.

"పేల్చిన, నడిచిన. జర విను. నా ముందర మూడు వేల మంది. ఒక్కడు దారి ఇయ్యడు. జరగుండ్రి అని వాళ్ల భాషల ఎట్ల చెప్పాలె? మన ఆర్టీసీ క్రాస్ రోడ్స్ యాదికొచ్చింది. నోటితోనే హారన్ కొట్టిన. పీప్ పీఈప్! ఆ దేశంల హారన్ చప్పుడు ఎన్నడన్న విన్నరా పాపం? మూడు వేల మంది రెండు దిక్కుల జరిగి, తలలు వంచుకొని నిలబడ్డరు. పెండ్లికొడుకు లెక్క మధ్యలకెళ్లి పోయిన. దారిల చాయ్ ఇచ్చిన్రు. పచ్చగున్నది, పాల్లేవు, చక్కెర లేదు. మా ఇంటామె నళిని కాసే కషాయమే నయం. అది తాగిన కోపానికి ఇంకింత జోరుగ నడిచిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కన పట్టాల మీద బుల్లెట్ రైలు!"

"దాన్ని దాటిన్రా?" అంది రోజా.

"నేను దాటలే. అదే వెనుకవడ్డది. కిటికీలకెళ్లి పిల్లలు టాటా చెప్తుండిరి, జర సేపటికి కనవడకుంట పోయిన్రు. డ్రైవర్ ఊకుంటడా? ఈయన నడుస్తలేడు, ఉరుకుతున్నడు అని ఫిర్యాదు వెట్టిండు. నడక పందెంల ఒక కాలు ఎప్పుడు నేల మీదనే ఉండాలె, రెండు లేసినయంటే బయటికే. ముగ్గురు జడ్జీలు రోడ్డు మీద బోర్ల పండుకొని నా బూట్లు చూసిన్రు. తప్పు దొరకలే. నేను కాలు లేపితే కద? కింద భూమే వెనకకు జరుగుతుండె."

"భూకంపం వచ్చిందేమో సార్," అంది రోజా.

"వచ్చింది! ఎందుకొచ్చిందో వాళ్లకు ఇప్పటికి తెల్వదు. నేనే చెప్పలే, బాధవడ్తరని. గెలుపు గీత కాడికి పోతే ఇంక రిబ్బనే కట్టలే. అక్కడ ఎవరింటికి పోయినా చెప్పులు బయటనే ఇడుస్తరు కద, నేను కూడ మర్యాదగ గీత బయట బూట్లిడిచి నిలబడ్డ. ఉరుకులాడి రిబ్బన్ తెచ్చి కట్టిన్రు. తెంపిన. అప్పుడు వినవడ్డది చూడు, ఢాం అని, నేను పొద్దుగాల పేల్చిన తుపాకి చప్పుడు!"

"మెడల్ ఏది?" కనకయ్య అడిగాడు.

"గంత బరువు విమానంల ఎట్ల ఎక్కనిస్తరు? పైలట్ నాకు దండం వెట్టిండు."

బల్ల చివరాయన గ్లాసు కింద పెట్టి, సంచిలోంచి ట్యాబ్ తీశాడు. "నా పేరు బాలప్ప. పోలీస్ స్టేషన్ నుంచి వచ్చిన. మీ పాస్‌పోర్టు విచారణ ఉంది సార్. ఇంటికి పోతే చాయ్ బండి కాడ ఉంటరని అమ్మ చెప్పింది."

ఇంద్రసేన గారు లేచి నిలబడ్డారు.

"దరఖాస్తుల, ఇంతకు ముందు పాస్‌పోర్టు ఉన్నదా అంటే లేదు అని రాసిన్రు. రెండేళ్ల కిందనే జపాన్ పోయొచ్చిన అని ఇప్పుడు మీ నోటితోనే విన్న. పాస్‌పోర్టు లేకుంటనే పోయిన్రా, లేకుంటే దరఖాస్తుల అబద్ధం రాసిన్రా? ఏది రాసుకోవాలె?"

"జర అటు పక్కకు వస్తరా?"

"ఇక్కడనే చెప్పుండ్రి. ఇరుగుపొరుగు సాక్ష్యం కావాలె ఎట్లయినా."

ఇంద్రసేన గారు కనకయ్యను చూశారు, రోజాను చూశారు. చెప్తే పరువు పోతుంది, చెప్పకపోతే జపాన్ పోతుంది. గొంతు తగ్గించారు.

"జపాన్ పోలే సార్. కాచిగూడల రైలెక్కి తిరుపతి దాక పోయిన. గంతే. విమానం లోపల ఎట్లుంటదో నాకు తెల్వదు. పోవాలని ఉంది, కని మస్తు భయం అయితుంది. అక్కడ తప్పిపోతే ఎవర్ని అడగాలె, ఏమని అడగాలె?"

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ఇంతసేపూ ఎదురుచూసింది మేమే.

బాలప్ప రోజా వైపు తిరిగాడు. "ఈయన ఎట్లాంటోడు అమ్మా?"

"మాటల మీద నేను సాక్ష్యం చెప్ప సార్," అంది రోజా. "నడక మాత్రం నిజం. పరీక్ష కోసం రోజు పొద్దుగాల ఇందిరా పార్కుల ఉరుకుత. ఈయన నడుస్తడు. ఇప్పటిదాక నేను ఒక్కరోజు గూడ ఈయన్ని అందుకోలే."

ఆ మాట ఇన్నాళ్లలో ఇంద్రసేన గారు మాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. బాలప్ప రాసుకున్నాడు, రోజాతో, కనకయ్యతో సంతకాలు చేయించుకున్నాడు, హెల్మెట్ పెట్టుకుని బండి స్టార్ట్ చేశాడు. సందు మధ్యలో ఇంద్రసేన గారు అలాగే నిలబడి ఉన్నారు.

బాలప్ప హారన్ కొట్టాడు. ఆయన పక్కకు జరిగి, తల వంచారు.