గట్టు మీది కూర

ఇలా దగ్గరికి రండర్రా. కాలువ గట్టున రోడ్డువాళ్లు కొత్తమట్టి పోసిన ఏడాది సంగతిది. ఎప్పటిలాగే ఓ ఇంటి అత్త ఆ గట్టున తోటకూర కోసి, వండి, మనవరాలికి తినిపించింది. కాసేపటికి కోడలు పరుగెత్తుకొచ్చింది.

"అత్తయ్యా, పిల్ల నోరెండిపోతోందంటోంది. కంటిపాపలు ఇంతింతయ్యాయి!"

"ఎండదెబ్బేమోనే."

"కూరెక్కడ కోశారు?"

"గట్టునే. కళ్లు మూసుకుని కోస్తాను. నీకు ఆకులు నేర్పిందే నేను!"

"మిగిలిన కాడ చూడండి. తోటకూరలో ఉమ్మెత్త మొలకలు!"

"అక్కడ ఉమ్మెత్త ఎప్పుడుందే?"

"మట్టి మారింది కదత్తయ్యా, దాంతోపాటే వచ్చింది."

"అయ్యో, నా చేత్తో విషం పెట్టానా తల్లీ!"

"ఏడుపు తర్వాత. ఆ ఆకు కొంగున కట్టుకోండి, డాక్టరుకి చూపిద్దాం. పిల్లని నేనెత్తుకుంటా, పదండి!"

పిల్ల దక్కింది. ఆనాటి నుంచి అత్త ప్రతి ఆకూ కోడలికి చూపించాకే గిన్నెలో వేసేది. గుర్తుంచుకుని మీ పిల్లలకీ చెప్పండమ్మా, చోటుని నమ్మి కూర కోయొద్దని.