మీ జేజి బస్సెక్కేదాకా

"జేజినాయనా, నువ్వు ఒగసారి తిండి మానేసి వట్టి నీళ్ళ మీదనే ఉంటివంట గదా? నాయన చెప్పినాడు."

మీ నాయన చెప్పినాడా? వానికేం తెలుసులే అమ్మీ. వాడు అప్పుడు డోన్‌లో ఉద్యోగం చేస్తాండె. ఫోన్లో అరిసినోడే గాని కండ్లారా చూసినోడు కాదు. నేను చెప్తా, రా, ఈడ కుచ్చో. నీ ఫోన్లో రికార్డు అయితాందా నా మాట? సరే.

ముందు నా తిండి గురించి చెప్పాల, లేకుంటే నీకు ఈ కత రుచి తెల్దు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల యాడ పెండ్లి జరిగినా వంట నాదే. వంట ఓబులేసు అంటే సంజామల దాకా తెలుసు. అప్పుట్లో పెండ్లికి వండితే దుడ్లు ఇచ్చేటోళ్ళు కాదు, వడ్లు కొలిచేటోళ్ళు. కాదు కాదు, అది మా నాయన కాలం. నాకు దుడ్లే ఇచ్చిరి. ఏం చెప్తాంటి? ఆఁ, తిండి. వండేది ఎంతో తినేదీ అంతే. సంగటి ముద్దలు నేను మింగేది చూసేకి పిల్లోళ్ళు వచ్చి నిలబడుకుంటాండ్రి.

అట్లాంటోన్ని. ఆ యేడు మీ జేజికి, మీ నాయన వాళ్ళమ్మకు, కడుపులో నొప్పి పట్టుకునింది. కొంగు బిగించి కట్టుకోని పనులు చేస్తాండె గాని నోరిప్పి చెప్పేది లేదు. నేనే చూసి బలవంతంగా నంద్యాలకు పిల్చుకోని పోతి. స్కానింగు తీసిరి. గడ్డ ఉండాది, ఆపరేషన్ చేయాల, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు అని డాక్టరమ్మ చెప్పింది. మీ జేజి ఆడ బాగా తలకాయ ఊపింది. ఇంటికొచ్చినాక "నేను రాను పో" అనింది.

ఏంటికంటే, వాళ్ళక్క రాజమ్మ ఉండె. నువ్వు చూడలే, నువ్వు పుట్టకముందే పాయ. ఆమె ఇట్లాంటి ఆపరేషన్‌కే పోయి మళ్ళ ఇంటికి రాలే. ఆ బయం మీ జేజికి లోపల గట్టిగా పట్టుకోనుండె. బతిమాల్తి, తిడ్తి, పెద్దమనుషుల్తో చెప్పిస్తి. అందరు చెప్పింది ఇనేది, లేసిపోయి చెంబులు తోముకునేది.

ఒగ మద్యానం సంగటి, నాటుకోడి పులుసు. చూడు నా రాత, నాటుకోడి వండిన దినమే నాకు ఆ బుద్ధి పుట్టాల్నా! తినే తట్ట ముందర పెట్టింది. ఆమె మొగం చూస్తి, తెల్లగా పాలిపోయి ఉండాది. నాకు ముద్ద చేతికి రాలే. తట్ట అవతలికి నూకి, "నువ్వు నంద్యాల బస్సెక్కేదాకా నాకు నీళ్ళే" అంటి.

నగింది. పడిపడి నగింది. "నువ్వా? పొద్దునకు ఉగ్గాని చేస్తా, చూస్తా గదా నీ శపథం" అనింది.

చేసింది గూడా! బొరుగుల ఉగ్గాని, దాంట్లోకి మిరపకాయ బజ్జీ. నేను చెంబెడు నీళ్ళు తాగి పంచలో కూచుంటి. అబ్బా, ఆ మొదటి దినాలు ఎందుకడుగుతావులే. తిండి కంటే ముందు కాఫీ అడిగింది నా పానం. తలకాయ పగిలిపోతాండె. ఎవురు పలకరించినా కరిసేటట్ల ఉంటి. పక్కింట్లో తిరగమాత ఏస్తే ఆవాలు చిటపటమనేది నా కడుపులోనే అయినట్లుండె. మీ జేజి కూడా తక్కువదా? దినానికొకటి, నాకు ఇష్టమైందే చేసేది. గోంగూర పప్పు, బుడ్డల ఊరుబిండి పచ్చడి, ఆఖరికి బెల్లం పూర్ణం పెట్టి ఓలిగలు! పండగ లేదు పబ్బం లేదు, ఓలిగలు!

మళ్ళ ఏమాయనంటే, ఒగ దినం లేస్తే ఆకలి లేదు. యాడికి పాయనో పాయ. నాలిక మీద తెల్లగా పాచి, నోరంతా వాసన, కాళ్ళు సల్లగా. బిన్నా, గబుక్కున లేస్తే కండ్లకు చీకట్లు. కానీ ఒళ్ళు మాత్రం తేలిగ్గా, దూది మాదిరి. వాసనలు ఎంత దూరం నుంచి తెలుస్తాండెనో! వీధి చివర ఎవురో ఉల్లిగడ్డ కోస్తే ఈడ తెలిసేది. నీళ్ళకు గూడా రుచి ఉంటాదని నాకు అప్పుడే తెలిసె. కుండ నీళ్ళు ఒగ రుచి, బోరు నీళ్ళు ఒగ రుచి. అప్పుటికి మీ జేజి నగేది మానేసింది. ఆమె గూడా సరిగ్గా తింటాండలే. నాకు తెలుసు, అడగలే.

ఇంతలో ఊర్లోనే ఒగ పెండ్లి. ముందే ఒప్పుకున్న వంట, ఎట్ల మానుకునేది? నీళ్ళ చెంబు పట్టుకోని పోతి. మీ జేజి మజ్జిగ డబ్బా పట్టుకోని నా ఎనకాలే వచ్చి బియ్యం మూటల కాడ కూచునింది. సాంబారు ఉడికె. ఉప్పు చూడాల. నేను నాలిక మీద ఏసుకుంటే శపథం పోతాది. నా కింద పని చేసే మస్తాను ఉన్న్యాడు గాని, వాని నోట్లో ఎప్పుడూ వక్కాకే. వానికి ఉప్పూ తెల్దు, చక్కెరా తెల్దు! ఒగసారి పాయసాన్ని "కారం చాల్లేదన్నా" అన్న్యాడు ఆ మహానుభావుడు.

"ఏమే, నువ్వు చూడు" అని మీ జేజి చేతిలో రోంత పోస్తి. అన్నేండ్లలో నా వంట కాడ ఆమెతో ఉప్పు చూపించింది అదే మొదలు. నాకి, కండ్లు మూసుకోని, "ఉప్పు చాలు, పులుపు రోంత పడాల" అనింది. సరిగ్గా చెప్పింది. చింతపులుసు పోసి గంటె తిప్పుతాండా, అంతే, సాంబారు అండా రెండు అండాలుగా కనపడె. కాళ్ళు తేలిపాయ. ముందరికి తూలితి. మీ జేజి యాడ పట్టుకునిందో తెలుసునా? నా నడుముకు కట్టుకున్న తువ్వాలు. ఒక్క గుంజు గుంజితే ఎనక్కి పోయి బియ్యం మూటల మీద పడితి.

"సచ్చిపోతావా నువ్వు?" అని అరిసింది. పెండ్లోళ్ళంతా వచ్చిరి.

"ఎవురు ముందు పోతారో చూస్తాం. నువ్వు గడ్డతో, నేను నీళ్ళతో" అంటి.

నా పక్కనే కూలబడి కొంగు నోట్లో కుక్కుకోని ఏడ్సింది. నాకు ఆమె మీద జాలి, నా మీద కోపం, రెండూ కలిసి వచ్చె. రోంచేపటికి కండ్లు తుడ్సుకోని, "నంద్యాల బస్సు ఎప్పుడుంది?" అనింది.

"వడ్డన కానీ, పోదాం" అంటి.

"వడ్డన అయ్యేదాకా ఉంటే నాకు మళ్ళ బయమైతాది. ఇప్పుడే నడ్సు."

గంటె మస్తాను చేతిలో పెట్టి వస్తిమి. బస్సులో కూచున్నాక మజ్జిగ డబ్బా తీసి, "ఎక్కినా గదా. తాగు" అనింది. "కదలనీ" అంటి. నెత్తిన ఒకటి మొట్టింది, అందరి ముందర! బస్సు ఊరు దాటినాక తాగితి. ఆ మజ్జిగలో ఎన్ని ఉప్పురాళ్ళు పడిండెనో ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు అన్నట్లు తెలిసె నాలికకు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇద్దరినీ చూసి, "ఇంతకూ పేషెంటు ఎవురు?" అనింది. సంగతి తెలిసినాక నాకు పడినాయి చూడు అక్షింతలు! "చక్కెర జబ్బుంటే దోవలోనే పోతాంటివి. ఇప్పుడు ఆత్రంగా తిన్నా ప్రమాదమే" అని నన్ను గూడా ఒగ మంచం మీద పండబెట్టి, నెత్తురు పరీక్ష చేపిచ్చి, చెంచాతో గంజి పోపిచ్చింది. నువ్వు మాత్రం ఎన్నడూ ఇట్లాంటి పని చేయగాకమ్మీ. నాకు ఇంగో దోవ తెల్లేదు, చేస్తి.

ఆపరేషన్ దినం పొద్దున మీ జేజికి ఏమీ తినగూడదు, నీళ్ళు గూడా తాగగూడదు అన్న్యారు. మంచం మీద కూచోని, "ఒగ పూటకే నాకు కడుపులో మంట పెడ్తాండాది. ఎట్లుంటివప్పా నువ్వు అన్ని దినాలు?" అనింది. నగితి. ఆమె గూడా నగింది. నగుతానే లోపలికి పోయింది. తలుపు మూసినాక నేను మాత్రం గోడ పట్టుకోని నిలబడుకుంటి. రాజమ్మ కూడా ఇట్లనే పోయింటాది గదా అని.

ఎంతసేపాయనో. బయటికి తెచ్చిరి. మత్తు ఇంగా దిగలే, కండ్లు సగమే తెరిసింది, నాలిక మడత పడతాండాది. నా చెయ్యి తడుముకోని పట్టుకోని, ఏమనిందో తెలుసునా?

"తిన్యావా?" అనింది.

అంతే అమ్మీ. ఇంగేముండాది చెప్పేకి. సల్లగా ఉండు బిడ్డా. కడుపు నిండా తిను, కండ్ల నిండా నిద్రపో. సావు నోట్లోనుంచి బయటికొస్తానే నిన్ను ఆ మాట అడిగే మనిషి నీకూ దొరకాల.