ఉత్త సీసా

అమలాపురంలో ప్రాక్టీసు చేసే డాక్టరు గదిలోకి గోదావరి లంక రైతు ఒకడు చేతులు కట్టుకుని వచ్చాడు.

"కూర్చోవయ్యా. మొన్న నువ్వు తెచ్చిన కళ్ళె పరీక్ష చేశాం. టీబీ ఉంది."

"నాకాండీ?"

"నీకే. భయపడకు. మందులు మానకుండా మింగితే నయమవుతుంది."

"ఆయ్. కానీ నాకు దగ్గు తగ్గిపోయిందండి."

"తగ్గడమేమిటి? సీసా నిండా తెచ్చావుగా!"

తానేం తప్పు చేశాడో అతనికి బోధపడలేదు.

"ఆ పొద్దున్న ఎంత దగ్గినా నాకు కళ్ళె పడలేదండి. తమరు అడిగేక ఉత్త సీసా ఎలా తెస్తానండి? మా ఇంటిదాని చేత పట్టించేను."

డాక్టరు పెన్ను కింద పెట్టారు.

"ఆవిడకి దగ్గుందా?"

"అబ్బే, అది జబ్బు కాదండి. పొయ్యిలో కొబ్బరిడొక్కలు పెడతాం కదండీ, ఆ పొగకి. ఎప్పణ్ణించో అంతే."

"ఇప్పుడెక్కడుంది?"

"వరండాలో ఉందండి. నాకు ఒంట్లో బాగోలేదని సాయం వచ్చింది."

"అయితే నీక్కాదయ్యా, ఆవిడకి."

అతనికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. అంతలో తలుపవతల దగ్గు వినిపించింది.

"అదిగోనండి, అదే. పొగకి..." అనబోయి ఆగిపోయాడు.

ఇక్కడ పొయ్యి లేదు.