ఊయల తాడూ, గవర్రాజు చిప్పూ

గవర్రాజని ఒకడుండేవాడంట, రేడియోలు బాగుచేసేవాడు. ఆడు టంకం పెట్టేడంటే ఏనుగు లాగినా ఊడదని పేరనుకో. ఆడి పెళ్ళాం నూకరత్నానికి పుట్టుచెవుడు. చెవుడైతేనేం, మనసు వెన్న. ఆళ్ళకో ఆడపిల్ల పుట్టింది. నూకరత్నం ఏం చేసేదంటే, ఊయలకో తాడు కట్టి, ఆ కొస తన మణికట్టుకి చుట్టుకునేది. పిల్ల కదిలిందా, తాడు లాగుద్ది, తల్లి చూసుకుంటది. బానే ఉంది గానీ, పెరట్లో అంట్లు తోముకోవాలంటే తాడు అందదు కదమ్మా! ఒకరోజేమైందంటే, ఈడు భోజనానికొచ్చేసరికి పిల్ల ఏడ్చేడ్చి గొంతుపోయి, ఎక్కిళ్ళు పెడతా ఉంది. పెరట్లో ఉన్న తల్లికేం తెలుసు? మొగుడి మొహం చూసి పరిగెత్తుకొచ్చి, పిల్లనెత్తుకుని, తన చెవులు తనే కొట్టుకుందంట.

అప్పుడనుకున్నాడంట, ఊయలకో చిన్న బోర్డు కడతాను, పిల్లేడిస్తే అది విని, నా పెళ్ళాం చేతికి తొడిగిన బుల్లి మోటారు గాజుని జుయ్యిమని కదిలించాలి అని. రేడియో తెలిసినోడు కదా, మధ్యలో తీగైనా అక్కర్లేదు. కానీ దానికి మైక్రోకంట్రోలరని బుద్ధున్న చిప్పు కావాలి. ఆ చిప్పులోకి, ఏం వింటే ఏం చెయ్యాలో చెప్పే మన రాత ఎక్కించడానికి ప్రోగ్రామరని ఇంకోటి కావాలి. కాకినాడెళ్ళేడు. కొట్లో సీతామాలక్ష్మిగారని పెద్దావిడ "ఏం పనికి అబ్బాయ్?" అని అడుగుతానే ఉంది, ఈడు వింటేనా? "అన్నిటికన్నా పెద్దదియ్యండి అమ్మగారూ" అని, ఓ చిప్పూ, నలభై కాళ్ళ చిప్పైనా పట్టే ప్రోగ్రామరు పెట్టె, రోలంతదీ, మోసుకొచ్చేడు. చిప్పుని దాంట్లో పెట్టి, రాత ఎక్కించి, తీసి, అలవాటు ప్రకారం బోర్డుకి టంకం పెట్టేసేడు. గాజు పన్జేసింది. ఎలా పన్జేసిందనుకున్నారు? పిల్లేడిస్తే కదులుద్ది, కోడి కూస్తే కదులుద్ది, పక్కింటోళ్ళు తగువాడుకుంటే మరీ కదులుద్ది! పాపం నూకరత్నం బూడిద చేతుల్తో పరిగెత్తుకొస్తే, పిల్ల హాయిగా నిద్రపోతా ఉండేది. రాత మార్చాలంటే చిప్పు మళ్ళీ పెట్టెలోకి రావాలి. ఈడి టంకం ఊడదే! కాల్చి లాగితే చిప్పు కాలిరిగింది. ఇంకోటి తెచ్చి మళ్ళీ టంకమే. అలవాటెక్కడికి పోద్ది? మూడోదీ అలాగే పోయింది.

మళ్ళీ కాకినాడెళ్ళి, సంగతంతా చెప్పుకుని ఏడ్చినంత పన్జేసేడంట. ఆవిడ, నాటిన నారుని పీకి నీళ్ళు పెడతామేంట్రా, ఉన్నచోటే పెట్టాలి గానీ అని, "ముందు పని చూసుకో. పనిని బట్టి చిప్పు, చిప్పుని బట్టి ప్రోగ్రామరు" అని, ఓ చిన్న చిప్పూ, అగ్గిపెట్టెంత ప్రోగ్రామరూ చేతిలో పెట్టింది. ఆరు తీగలు, అంతే. బోర్డు మీదున్న చిప్పుకే తగిలించి రాత మార్చుకోవచ్చు. తీగలు గుచ్చి చూసుకునే చిల్లుల బోర్డూ, కరెంటు కొలిచే మీటరూ ఇచ్చి, సరిగ్గా వచ్చేదాకా టంకం జోలికెళ్ళనని ఒట్టేయించుకుంది.

నాలుగు రోజులు ఊయల పక్కనే కూర్చుని, మార్చేడు, మళ్ళీ మార్చేడు. ఐదోనాడు కోడి కూసింది, గాజు కదల్లేదు. పిల్లేడ్చింది, కదిలింది! నూకరత్నం పెరట్లోంచి వచ్చి పిల్లనెత్తుకుని, మొగుడి భుజమ్మీద తలెట్టి ఏడ్చిందంట, ఆనందంతో. అంతా అయ్యేక చూస్తే, ఊయల పక్కన కూర్చుని మళ్ళీ తాడు చుట్టుకుంటా ఉంది. ఆడికి ఉసూరుమంది. ఇంకా ఇదెందుకే అని సైగ చేసేడు. ఆవిడ గాజు చూపించి ఏడుపు మొహం పెట్టింది. తాడు చూపించి, పిల్ల కాళ్ళాడించినట్టు రెండు వేళ్ళాడించి, నవ్వింది. ఏడిస్తే గాజు చెప్పుద్ది సరే, ఆడుకుంటే ఎవరు చెప్తారు, అని.

గవర్రాజు ఆ ఆరు తీగలూ మళ్ళీ తగిలించేడంట. పిల్ల కిలకిలమంటే గాజు రెండుసార్లు మెల్లగా కదలాలి మరి. అన్నీ టంకం పెట్టే గవర్రాజు, ఆ ఒక్క చిప్పుకీ ఇప్పటిదాకా పెట్టలేదర్రా. పిల్ల ఎదుగుతా ఉంది కదా, ఇంకా ఏమేం చెప్తదో!