ఛార్జింగ్ చుట్టరికం

మొఘల్‌పురాలో ఒక ఇరుకు గల్లీ. పొద్దున్నే సోమయ్య వాకిట్లో తన కరెంటు స్కూటర్ పక్కన నిలబడ్డాడు. నాగమణమ్మ వంటింట్లో ఉంది. ఇద్దరికీ మధ్య గోడమీద ఒకే ఒక ప్లగ్గు ఉంది.

"మల్ల గుంజినవా ప్లగ్గు?"

"గుంజలే. తీసిన."

"గుంజితేంది, తీస్తేంది? బండికైతె కరెంటు ఎక్కలే గదా!"

"చట్నీ రుబ్బాలె. మిక్సీ పెట్టాలంటె బండి తియ్యాలె. రెండు కల్సి పెడితె ఫ్యూజు కొట్టేస్తదని మీరే గదా చెప్పింది?"

"చెప్పిన. చట్నీ అయినంక మల్ల పెట్టమని గూడ చెప్పిన."

"గది ఇనపడలే. మిక్సీ సప్పుడు ఉండె."

"గంటసేపు రుబ్బుతరా ఎవరన్న?"

"పల్లీలు గట్టిగున్నయ్."

"పల్లీలు గట్టిగుండుడేంది? ఇన్నేండ్లల్ల నేనెన్నడు ఇనలే."

"మీరు తినెటోళ్ళు. రుబ్బెటోళ్ళకు ఎరుక."

"సరే. మరి చట్నీ ఏది?"

"ఏ చట్నీ?"

"గంటసేపు రుబ్బిన చట్నీ!"

"అది... అయిపోయింది."

"ఎవరు తిన్నరు? ఇంట్ల ఉన్నది మనమిద్దరం. నేనైతె తినలే."

"జర మెల్లగ మాట్లాడుండ్రి, గల్లీ అంత ఇంటున్నది. బండిల ఎంతున్నది?"

"పదకొండు శాతం. దుకాణం దాంక పోతె మల్ల ఇంటికి నూకుకుంట రావాలె."

"అయ్యో పాపం. మరి సంతోష్‌నగర్ దాంక పోతదా?"

"మీ తమ్ముని ఇంటికా? మల్లనా? మొన్ననే పోయినం గదనే!"

"మొన్న పోయినం కాబట్టే ఇయ్యాల దాంక నడిచింది. ప్రహ్లాద్ గేటు కాడ ప్లగ్గున్నది, కొత్త లైనున్నది, వోల్టేజి మస్తుంటది. మన బండి ఆడ తిన్నట్టు ఇంకేడ తినదు."

"బయట ఛార్జింగ్ స్టేషన్లు లేవా? ఆడ పెట్టుకుంట."

"పెట్టుకోండ్రి. ఎండల లైన్ల నిలబడుండ్రి. ప్రహ్లాద్ ఇంట్ల అయితె ఫ్యాను కింద కూసుంటరు. మీ ఇష్టం."

"ఏం విచిత్రమో ఏమో! పెట్రోల్ బండి ఉన్నన్నాళ్ళు ఏడాదికొక్కపారి గూడ పోకపోతిమి మీ తమ్ముని ఇంటికి."

"పెట్రోల్ దండగ అంటిరి. ఇప్పుడు బండిల పెట్రోలే లేకపాయె. దండగ ఏడికెళ్ళి వస్తది?"

"సరే సరే. దుకాణం మీదికి నడుచుకుంటనే పోత. సాయంత్రం తయారుండు. మీ మరదలు ఆండాలుకు ఫోన్ కొట్టు, వస్తున్నమని."

"కొట్టిన."

"ఎప్పుడు?"

"చట్నీ రుబ్బుకుంట."

*

మధ్యాహ్నం ఎదురింటి ఆగమ్మ వచ్చింది. ఆమె కొడుకు నందు కరెంటు ఆటో నడుపుతాడు. ఆ పూట గల్లీలో కరెంటు పోయి అప్పటికి చాలాసేపైంది.

"నాగమణక్కా, ఒక్క మాట అడుగుత. కోపానికి రావద్దు."

"అడుగు ఆగమ్మా."

"మీ ఇంట్ల ఎందరు తింటరు?"

"ఇద్దరం. ఎందుకు?"

"దినాం మూడుసార్లు మిక్సీ తిరుగుతది. గంత చట్నీ ఏం చేస్తుండ్రు? సోమన్న దుకాణంల అమ్ముతుండా?"

"ఆయనది పేపర్ ప్లేట్ల దుకాణం గదా, ఆగమ్మా."

"గదే, ప్లేట్లల్ల పెట్టి అమ్ముతుండేమో అనుకున్న."

"నీకు పొద్దుపోక వచ్చినవా?"

"కరెంటు లేక వచ్చిన. ఇంకో మాట. పల్లీలేస్తె ముందు గరగరమంటది, ఎన్కకెల్లి మెత్తబడ్తది. నేను గూడ పొయ్యి కాడ ముసలైనదాన్నే. మీ మిక్సీ మొదటికెల్లి ఆఖరి దాంక సుర్రుమని ఒక్క తీరుగనే అంటది."

"కొత్త మిక్సీ."

"ఖాళీ జారు."

"ఏ జారు?"

"ఖాళీ జారేనా అక్కా?"

"గట్టిగ అనకు."

"ఓ యమ్మ! ఖాళీ మిక్సీ ఎందుకు తిప్పుతున్నవ్?"

"మిక్సీ తిప్పితె ప్లగ్గు తియ్యొచ్చు. ప్లగ్గు తీస్తె బండి నిండదు. బండి నిండకపోతె ఆయన సంతోష్‌నగర్ తీస్కపోతడు. గంతే."

"మీ తమ్ముడంటె గంత పావురమా, గంత ప్రేమనా?"

"తమ్ముడంటె పావురమే. కానీ తమ్ముని కోసం కాదు. ఆడ నేను కూసుంట, ఆగమ్మా. ఆండాలు వడ్డిస్తది, నేను కాళ్ళు సాపుకొని కూసుంట. 'వదినా, ఇంకొంచెం ఏసుకో' అంటది. పెండ్లయినప్పటి సంది ఆ మాట నేను ఎందర్ని అడిగిననో లెక్కలేదు. నన్నెవలన్న అడిగిండ్రా?"

"అడగలే. నన్ను గూడ ఎవలు అడగలే."

"మరి? నాది తప్పా?"

"నీ సంగతి మంచిగనే ఉన్నదక్కా. మా నందుగాని సంగతే ఆగమైతున్నది. గల్లీల అందరు కరెంటు బండ్లు కొనిరి. మూల మీది ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం మా అత్త కాపురానికొచ్చిన్నాటిది. నందు పొద్దుగాలంత తిప్పి, మధ్యాహ్నం ఆటో ఛార్జింగ్ పెట్టి, పళ్ళెం ముందట కూసుంటడు. అటు మీ మిక్సీ సుర్రుమంటది. ఇటు పోల్ మీద టప్‌మంటది. ఇయ్యాల గూడ గంతే. బువ్వ సగం, ఆటో సగం."

"నా మిక్సీతోనా? గింత మిక్సీతోనా?"

"బస్సు కిటకిట నిండినంక ఆఖర్ల ఎక్కినోనితోనే గదా లొల్లి. మీ మిక్సీ ఆఖర్ల ఎక్కుతది. లైన్‌మన్ లక్ష్మయ్య వచ్చి తిట్టుడు మాత్రం మా నందును తిడ్తడు."

"పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఏస్తమన్నరు గదా?"

"ఏస్తరు. జాగ ఏది? ఇస్త్రీ భాయ్ నా బట్టలకు నిప్పురవ్వలు పడ్తయన్నడు. పాల దుకాణమోళ్ళు మా పాలు విరుగుతయన్నరు. కరెంటు అందరికి కావాలె, డబ్బా మాత్రం పక్కింటోని గోడకు కావాలె. ఆఖరికి మీ గోడ పక్కకు, పాత బండి పెట్టిన కాడ, జాగ తేలింది. ఇల్లు నీ పేరు మీదున్నది, సంతకం నీది కావాలె. లక్ష్మయ్య సోమన్నకు కాగితం గూడ ఇచ్చిపాయె. నీకు చెప్పలేదా?"

"చెప్పిండు. ఇనపడలే అన్న."

"మిక్సీ సప్పుడుకా?"

"నవ్వకు. అది వస్తె ఇంటికి కొత్త లైను, ఇంకో ప్లగ్గు గూడ వస్తయ్. నా ఇంట్ల బండి, మిక్సీ, ఫ్రిజ్జు, అన్ని కల్సి నడుస్తయ్. ఇగ ఏ వంక పెట్టుకొని సంతోష్‌నగర్ పోవాలె?"

"పోవాలనిపిస్తున్నదని చెప్పి పో."

"చెప్తె తీస్కపోయె మనిషేనా? ఇన్నేండ్లు చెప్పలేదా?"

"మరి నందు?"

"ఆలోచిస్త."

"జల్ది ఆలోచించు అక్కా. ఆలోచించుకుంట మిక్సీ మాత్రం తిప్పకు."

*

సాయంత్రం సోమయ్య దుకాణం నుంచి వస్తూనే జేబులోంచి మడత కాగితం తీశాడు. నాగమణమ్మ పట్టుచీర కట్టుకుని సంతోష్‌నగర్‌కు తయారై ఉంది.

"గీడ సంతకం పెట్టు."

"ముందుగాల ఛాయ్ తాగుండ్రి."

"తాగిన. పెట్టు."

"నాకా డబ్బా సప్పుడు పడదు. దినమంత బుయ్యిమంటది."

"నీ మిక్సీ కన్ననా?"

"సప్పుడు ఇడిసిపెట్టుండ్రి. వాస్తుకు మంచిది కాదు. ఈశాన్యం మూల బరువు పెట్టొద్దు."

"అది ఈశాన్యం కాదు, ఆగ్నేయం. ఫోన్ల చూసిన. ఆగ్నేయంల అగ్గి ఉండాలె. ట్రాన్స్‌ఫార్మర్‌కు గంతకన్న మంచి మూల ఊరంత తిరిగినా దొరకది."

"మీరెప్పటి సంది వాస్తు నమ్ముతుండ్రు?"

"నువ్వు ఆ మాట అంటవని ఎరుకైనప్పటి సంది."

"కాకులు కూసుంటయ్."

"కూసోని. వాటికేమన్న వడ్డించాల్నా?"

"మీకెందుకు గింత తొందర?"

"ఎందుకేంది? బండి ఇంట్లనే నిండుతది. మూడొద్దులకోసారి మీ తమ్ముని ఇంటికి ఉరుకుడు తప్పుతది."

"తిప్పల పడుతున్నరా ఆడ? మొన్న పప్పుచారు నాలుగుసార్లు ఏయించుకుంటిరి!"

"మర్యాదకు."

"క్యారమ్ బోర్డు మర్యాదకేనా? పోదామా అంటె ఇంకో ఆట, ఇంకో ఆట అంటిరి."

"అది... బండి నిండలే అప్పటికి."

"నిండింది. నేను చూసిన. నిండినంక గూడ మూడు ఆటలు ఆడినరు."

"మరి నువ్వెందుకు చెప్పలే?"

"మీరు గెలుస్తుంటిరి గదా అని."

"ఆట సంగతి ఇడిసిపెట్టు. ముందుగాల సంతకం పెట్టు."

"అక్కా! నాగమణక్కా! జర బయటికి రాండ్రి!"

"ఏమైంది ఆగమ్మా? గా బ్యాండు సప్పుడేంది?"

"మా నందు వస్తుండక్కా. ఆటోల కాదు, ఆటో ఎన్క. ఫలక్‌నుమా కాడ బండి సచ్చిపోయిందట. లోపల బ్యాండోళ్ళున్నరు, ఇటు దిక్కే పెండ్లికి పోవాల్సినోళ్ళు. పాపం వాళ్ళే దిగి నూకుకుంట వస్తుండ్రు."

"నూకెటోళ్ళు వాయించుడేంది మరి?"

"సగం మంది నూకుతుండ్రు, సగం మంది వాయిస్తుండ్రు. వాయిస్తె నూకెటోళ్ళకు బలమొస్తదట."

"పెండ్లికొడుకు?"

"గుర్రమెక్కి కూసున్నడట. బ్యాండు లేంది గుర్రం కదుల్తలేదట. ఫోన్ మీద ఫోన్ కొట్టి నందును తిడుతుండ్రు. పెండ్లికొడుకు తిట్టిండు, వాళ్ళ మామ తిట్టిండు, ఆఖరికి గుర్రపాయన గూడ తిట్టిండు."

"ఇయ్యాల మధ్యాహ్నం సగమే నిండె గదా ఆటో..."

"గదేనక్కా. ఇగ ఆటో అమ్మేస్తనంటుండు నందు. మల్ల మూటలు మోసుటానికి పోతడట. వాని నడుము సంగతి నీకు ఎరుకే గదా."

"నాగమణీ, ఏమాలోచిస్తున్నవ్?"

"గా కాగితం ఇటియ్యుండ్రి."

"వాస్తు?"

"ఆగ్నేయమే గదా. పెన్నియ్యుండ్రి. గిది రాస్తలేదు, ఇంకోటియ్యుండ్రి. ఏడ, గీడనా?"

"గాడనే. ఏమైందే, కాకులు కూసోవా ఇప్పుడు?"

"కూసోని. మీరేం మాట్లాడకుండ్రి. ఆగమ్మా, నందుకు చెప్పు, ఆటో అమ్మొద్దని. బ్యాండోళ్ళకు మంచినీళ్ళియ్యి. ఇగ బండి తియ్యుండ్రి, సంతోష్‌నగర్ పోదాం. ఇంకెన్నిసార్లు పోతమో ఏమో."

*

నెల తిరిగేసరికి సోమయ్య గోడ పక్కన కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కూర్చుంది. ఆ ఆదివారం సంతోష్‌నగర్‌లో ప్రహ్లాద్ ఇంట్లో అందరూ భోజనాలకు కూర్చున్నారు. నాగమణమ్మ కాళ్ళు చాపుకోలేదు.

"బావా, ఇయ్యాల బండికి ప్లగ్గు పెట్టనే లేదేంది?"

"అక్కర లేదు ప్రహ్లాద్. ఇంట్లనే నిండింది, నూటికి నూరు. గల్లీల బండ్లన్ని ఒక్కపారే పెట్టి చూసినం. బల్బు కన్ను గూడ కొట్టలే. నందు ఆటో శంషాబాద్ పోయి వచ్చింది, మధ్యల ఎవలు దిగి నూకలే."

"మరి ఇయ్యాల ఎట్లొచ్చిండ్రు?"

"చెప్పిపోదామని. మస్తు తిప్పల పెట్టినం మిమ్మల్ని. ఇగ పెట్టం."

"తిప్పలేంది బావా... క్యారమ్ బోర్డుకు కొత్త పౌడర్ గూడ తెచ్చిన."

"తెచ్చినవా? ఏ పౌడర్?"

"అక్కా, నువ్వేం తింటలేవు?"

"తింటున్న తమ్మీ. మెల్లగ తింటున్న."

"వదినా, ఇంకొంచెం ఏసుకో."

"ఏమన్నవ్ ఆండాలూ?"

"ఇంకొంచెం ఏసుకో అన్న."

"మల్లోసారి అను."

"ఏమైంది వదినా? కండ్లల్ల నీళ్ళేంది?"

"కారం. జర కారమెక్కువైంది."

"అది పెరుగు, వదినా."

"పెరుగే. గొంతుల పడ్డది."

"ఆండాలూ, నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"నేనే చెప్త. వడ్డించింది నేను గదా, చెప్పేది గూడ నేనే. అన్నయ్యా, వదినా, మేం గూడ బండి కొన్నం. కరెంటుదే. ఎల్లుండొస్తది."

"అరె, శభాష్ ప్రహ్లాద్! చెప్పనే లేదు!"

"శభాష్ తర్వాత అనుండ్రి అన్నయ్యా, ముందు ఇనుండ్రి. మేమిద్దరం మాట్లాడుకున్నం, పక్కా చేసుకున్నం. మీ గల్లీల కరెంటు మస్తున్నదంటుండ్రు గదా. బండి వచ్చినంక ఛార్జింగ్‌కు మేమే మీ ఇంటికొస్తం. నిండాలంటె నాలుగు గంటలు పడ్తదట. ఫికర్ లేదు, కూసుంటం. నేనైతె కాళ్ళు సాపుకొని కూసుంట. ఏం పెడితె అది తింటం."

"బోర్డు నేనే మోసుకొస్త బావా."

"తీస్కరా, తీస్కరా! పౌడర్ మరువకు!"

"మా ఇంటికి రమ్మంటె వద్దంటనా ఆండాలూ... రాండ్రి. కానీ మీ గేటు కాడ ప్లగ్గున్నది గదా? మంచిగనే పనిచేస్తది గదా?"

"ఖరాబైంది వదినా."

"అయ్యో! ఎప్పుడు?"

"ఎల్లుండి పొద్దుగాల."