పసుపు ఇచ్చిన, ఎరుపున్నది

“బాపమ్మా, అన్నకు ఆకుపచ్చ కనవడ్తలేదట. డాక్టరేమో కండ్లు మంచిగనే ఉన్నయంటుండు. నువ్వేమో ఏ సాంచ మీద బట్ట నేస్తుండని అడుగుతున్నవేంది?”

ఎందుకడుగుతనే? టెంఘర్ కార్ఖానల మూలకున్న సాంచ, అవునా కాదా? ఆఁ... అనుకున్న. నిన్న కూర చూసి వాడు మొకం అదో తీరు పెట్టినప్పుడే అనుకున్న. కూసో.

అది మళ్ల వచ్చింది బిడ్డా, ఆ రంగు. దానికి పేరు లేదు. ఎర్రదా అంటె కాదు, నల్లదా అంటె కాదు, కండ్లు మూసుకున్నా కనవడ్తది. మీ తాత ఆ సాంచనే నడిపేటప్పటి ముచ్చట. అప్పుడు మనముండే ఖోలీ వరాలా తలావ్ కాడ... కాదు కాదు, అటు తర్వాత పోయినం, అప్పుడు కామత్‌ఘర్‌ల్నే, మా ఆడిబిడ్డ ఇంటెనుక. ఒకనాడు తెల్లనూలు పడుగు చుట్టిన భీము సాంచకు ఎక్కిస్తె, గుడ్డ ఆ రంగుల దిగింది. సేటు సంబరపడ్డడు. మీ తాత నేసుకుంటనే పోయిండు.

ఇంటికొచ్చి తోటకూర చూసి, ఇదేందే, బూడిద వండినవా అన్నడు. తెల్లారి నీలం పోయింది. ఒక్కో రంగే తింటదది, ఎరికేనా? రంగులన్నీ అయినంక మొకాలు తింటది. మీ తాత పక్కన పనిచేసే నర్సయ్య, కన్నబిడ్డను పట్టుకొని నువ్వెవరి పిల్లవని అడిగిండు. ఆ పిల్ల ఏడ్చుడు నేనిన్న. నా మొగని కండ్లల్ల నా మొకం పోనియ్య అని అప్పుడే అనుకున్న.

భీము కాలబెట్టిండ్రు. ఏం లాభం? మనోళ్లు సాంచను ఎన్నడు బోడిగ ఉంచరు గద. పాత పోగుల కొసలు అట్లనే ఉంచి వాటికే కొత్త పోగులు అతుకుతరు. ఆ కొసలు తెంప ఎవ్వనికి చెయ్యి రాలే. ఆ అతుకుల ముడులల్లనే దాగిందది. కొత్త భీమెక్కిస్తె మళ్ల గదే రంగు.

నేను కండెలు చుట్టేదాన్ని, నూలు నా చేతులల్లదే. పసుపుల ముంచి ఆరబెట్టి, సాంచ ముంగట కూసున్న. ఒక్కో కొసకు ఒక్కో పసుపు పోగు అతుకుకుంట, నీకు రంగే కావాల్నా, నాది తీస్కో, నా మొగన్ని ఇడువు అన్న. మా అత్త లెవ్వుమంటె లెవ్వలే. సాంచ నడిపిస్తె ఆ రంగు నా పోగులను గుంజుకున్నది, గుంజుకున్నది, కడుపు నిండినట్టు ఆగింది. అటెనుక గుడ్డంత తెల్లగ దిగింది.

మీ తాత నా దిక్కు చూసి, ఏందే, మొకాన గింత పసుపు పూసుకున్నవ్ అని నవ్విండు. అద్దంల చూసుకున్న. నాకు కనవడలే.

గప్పటిసంది నాకు పసుపు లేదు. పసుపు డబ్బ వాసన చూసి తీస్త, ముసల్దానికి చాదస్తం అని మీరు నవ్వుతరు. నవ్వుండ్రి. ఆకలైతె అది మళ్ల వస్తదని నాకు ఎరికే.

మీ వదినకు నెలలు నిండుతున్నయి. పుట్టిన పిల్ల మొకం మీ అన్నకు తెల్వకపోతె ఎట్ల? కానియ్య. కుంకుమల ముంచిన నూలు పొద్దుగాల్నే మూట కట్టి పెట్టిన. వేళ్లు వంకరపోయినయి గని, పోగులతుకుడు మరువలే. ఆటోను పిలువు, టెంఘర్ పోదాం.

వద్దనకు. ఏడ్వకు గూడ. ఇటు, దగ్గరికి రా. ఆ బొట్టు... ఎర్రగున్నది గద... ఆగు, కదలకు. ఒక్కపారి మంచిగ చూసుకోనియ్యి.

సల్లగుండు బిడ్డా. ఆఁ, ఇగ పద.